సొరంగంలో పట్టుకున్న చెయ్యి

ఆ సొరంగానికి మంచి పేరు లేదు.

పగటిపూట చూసినవాళ్ళు ఈ మాట నమ్మరు. ఒకప్పుడు అది రైలు దారి. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు ఊడబీకి, ఆ కట్ట మీదే నున్నగా తారు పోసి సైకిళ్ళకి వదిలేశారు. రెండు కొసల్లోనూ ఇనప గుంజలు పాతారు. కారు మాట అటుంచి స్కూటరు కూడా దూరదు. ఒక పక్క పొలాలు, ఒక పక్క సముద్రం. రైలు ఎక్కలేని ఎత్తు ఆ దారిలో ఎక్కడా లేదు గనక సైకిలు తొక్కేవాళ్ళకీ ఆయాసం ఉండదు. హారన్ మోత వినపడని దారి ఆ ఊరి చుట్టుపక్కల అదొక్కటే. ముసలివాళ్ళు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు, డాక్టరు పోరు పడలేక వచ్చేవాళ్ళు — అందరూ అక్కడే తొక్కుతారు.

దారి సగంలో ఒక కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చింది. దాన్ని తొలిచిందే ఆ సొరంగం. మధ్యలో ఒక వంపు. వంపు దగ్గర నిలబడితే వెనక నోరూ కనిపించదు, ముందు నోరూ కనిపించదు.

పగలు పిల్లలు అందులో కేకలు వేసి, తమ కేకలు తామే విని నవ్వుకుంటారు. చీకటి పడితే మాత్రం…

పక్కన ఎవరో వస్తారు.

అంతే. మీద పడరు. గొంతు పట్టుకోరు. కళ్ళకి కనిపించరు. మీరు నడిస్తే నడుస్తారు, తొక్కితే మీ చక్రంతో సమానంగా వస్తారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సు ఒకావిడ ఆ అడుగులు విని, మర్నాటి నుంచి చుట్టు తిరిగి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. సైకిళ్ళు బాగుచేసే మెకానిక్ ఒకాయన తన చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చారని ఒట్టేసి చెబుతాడు. రైళ్ళు తిరిగే రోజుల్లో లోపలి దీపాలు చూసుకునే మనిషి ఒకడుండేవాడనీ, పాపం అక్కడే పోయాడనీ కొందరంటారు. అబ్బే, అది మనిషే కాదని ఇంకొందరు.

ఈ కబుర్లన్నీ విని పకపకా నవ్విన మనిషి ఒక్కతే ఉండేది. డ్రైవింగ్ స్కూలు టీచరు.

"అవన్నీ గబ్బిలాలు. జీతం కూడా ఇవ్వక్కర్లేదు, ఊరంతటికీ వినోదం" అనేది.

ఆవిడకి ధైర్యం వృత్తి. ఆవిడ కారులో బ్రేకులు రెండు చోట్ల ఉంటాయి. నేర్చుకునేవాళ్ళ కాలికింద ఒకటి, ఆవిడ కాలికింద ఒకటి. స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కే వాళ్ళకి ఆవిడ రోజూ చెప్పే మాట ఒకటే: "మీరు ముందుకి చూడండి. మీ భయం సంగతి నా కాలు చూసుకుంటుంది." అందుకే ఆవిడకి బ్రేకు టీచరని పేరు పడిపోయింది. ఇంట్లో కూడా కరెంటు పోయినా, పాము దూరినా, ఇంటాయన్ని లేపరు. ఆవిడ్నే లేపుతారు.

ఆవిడ తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు, దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. బస్ స్టేషన్‌లో అనౌన్సర్. మైకులో ఆమె గొంతు వినని వాడు ఆ ఊళ్ళో లేడు. ఆ గొంతు రెండో నంబరు ప్లాట్‌ఫారానికి వెళ్ళమంటే జనం రెండో నంబరుకే వెళతారు. మైకు ముందునుంచి లేచిందంటే మాత్రం ఆ గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడదు. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకోవాలి. బల్లి కనిపిస్తే ఆ గదికి ఆ పూటకి సెలవే.

అలాంటి మనిషికి నలభై దాటాక మోకాళ్ళ నొప్పులొచ్చి, సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. టీచరు పట్టుబట్టి ఆ సముద్రం దారి మీదే ఆమెకి సైకిలు నేర్పింది. సీటు వెనకాల పట్టుకుని పరుగెత్తేది. "వదలకే చెల్లీ, వదలకు" అని అక్క, "వదల్లేదక్కా" అని టీచరు. ఒకే ఇంటి కోడళ్ళయినా ఇద్దరి మధ్యా అంత చనువు అప్పుడే వచ్చింది. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ లైట్‌హౌసు దాకా వెళ్ళి, గట్టు మీద కూర్చుని టీ తాగి, ఎండ ఉండగానే ఇల్లు చేరేవాళ్ళు.

ఆ రోజు చేరలేకపోయారు.

వచ్చేటప్పుడు ఎదురుగాలి. దానికి తోడు అక్క సైకిలు వెనక చక్రంలో ఏదో గుచ్చుకుంది. టీచరు దగ్గరున్న అతుకు వేసినా గాలి నిలవలేదు. చేసేదేం లేక ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ బయల్దేరారు. పొలాల మీద మసక కమ్మింది. సముద్రం రంగు పోయి, చప్పుడు మాత్రం మిగిలింది. సొరంగం దగ్గరికి వచ్చేసరికి చీకటి పడిపోయింది.

లోపల లైట్లు వెలగడం లేదు. ఆ వారమంతా ముసురు పట్టి ఎండ లేదు కదా, ఎండతో వెలిగే లైట్లు అవి.

అక్క ఆగిపోయింది.

"చెల్లీ… వేరే దారి లేదా?"

"ఉంది. హైవే. లారీల మధ్యన, పక్కన నడవడానికి జానెడు చోటు లేకుండా. అది దీనికంటే దెయ్యాల దారి."

"నేను రాలేనే."

"నేను లేనా? చెయ్యి ఇటివ్వు. అవతలికి వెళ్ళేదాకా వదలను. సరేనా?"

అక్క చెయ్యి ఇచ్చింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. సైకిళ్ళు చెరో పక్కా, మనుషులిద్దరూ మధ్యలో. టీచరు సైకిలు లైటు ఒక్కటే దారి చూపిస్తోంది. అక్క కళ్ళు మూసుకుంది. "మూసుకుంటేనే నయం, ఎలాగూ చీకటే కదా" అంది. టీచరు నవ్వింది.

లోపల తడి వాసన. పైనుంచి ఎక్కడో చుక్కలు పడుతున్నాయి. గాలిలేని చక్రం తపతపా కొట్టుకుంటోంది. రెండు జతల చెప్పుల చప్పుడు గోడలకి తగిలి తిరిగొస్తోంది. వెనక నుంచి సముద్రం హోరు తగ్గుతూ, తగ్గుతూ… వంపు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది.

అక్కడ వినిపించింది టీచరుకి.

ఒక అడుగు.

అక్కది కాదు. తనది కాదు. ఇద్దరి అడుగులకీ మధ్య సందులో పడుతోంది. మెత్తగా, బరువుగా, తొందర లేకుండా. ప్రతిధ్వనేలే అనుకుంది. అనుకుని, చూద్దామని ఆగింది. అక్క కూడా ఆగింది.

అది ఇంకో అడుగు వేసి, అప్పుడు ఆగింది.

"ఏంటే?" అక్క గుసగుసగా అడిగింది.

"ఏం లేదు… చెప్పులో రాయి."

సైకిలుని నడుముకి ఆనించి, హేండిల్ మీది లైటు ఊడదీసింది టీచరు. మెల్లగా అక్క వైపు తిప్పింది. కళ్ళు మూసుకుని నిలబడ్డ అక్క, ఆమె సైకిలు. వాటి వెనక తడిసిన గోడ మీద అక్క నీడ, సైకిలు నీడ…

అక్క నీడకి అవతలి పక్కన, ఆమె కంటే తలెత్తు పొడుగ్గా, ఇంకొక నీడ.

ఆ నీడకి ముందు మనిషి లేడు.

చెయ్యి దానంతటదే జారిపోయిందని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది టీచరు. జారలేదు. అక్క వేళ్ళు బిగుసుకునే ఉన్నాయి. విదిలించుకుంది.

సైకిలు ఎలా ఎక్కిందో, ఊడదీసిన లైటు ఏ చేత్తో పట్టుకుందో తెలీదు. తొక్కింది. ఒళ్ళంతా కాళ్ళు చేసుకుని తొక్కింది. చక్రం ఒకసారి గోడకి రాసుకుంది. మోచెయ్యి గీరుకుంది. వెనక నుంచి పిలుపు వచ్చింది…

"చెల్లీ…"

మైకు గొంతు కాదు అది. రోడ్డు దాటేటప్పుడు మోచెయ్యి పట్టుకునే గొంతు.

"చెల్లీ… ఎక్కడున్నావే…"

సొరంగం ఆ పిలుపుని పదింతలు చేసి ముందుకి పంపింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

బయట పడ్డాక గాని ఊపిరి తీసుకోలేదు. పక్కన గోడకి చేరబడింది. వెళ్ళాలి. వెనక్కి వెళ్ళాలి. చేతిలో లైటుంది, ఇంకా వెలుగుతోంది. రెండడుగులు వేసింది. సొరంగం నోట్లోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఆ రెండడుగులూ వెనక్కి వేసేసింది.

ఫోను తీసింది. సిగ్నల్ లేదు. లేనందుకు లోపల ఎక్కడో కాస్త ఊరట కలిగింది. ఎవరికైనా తగిలితే ఏమని చెప్పాలి?

అప్పుడు చేసింది ఆ పని. లోపలున్నది వెలుగు చూసి తన వైపు వస్తుందేమోనని… లైటు ఆర్పేసింది.

లోపల కళ్ళు మూసుకున్న మనిషి వంపు దాటాక ఎప్పుడైనా కళ్ళు తెరిస్తే కనపడే వెలుగు అదొక్కటే. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసే ఆర్పింది.

పిలుపు ఆగిపోయింది. చీకట్లో గోడని కరుచుకుని నిలబడి, అక్కకి ఏమైందో అని కాదు, ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచించసాగింది. సాయం తేవడానికి ముందుకి వెళ్ళానని చెప్పొచ్చు. సైకిలు అదుపు తప్పిందని చెప్పొచ్చు. బావగారి మొహంలోకి చూసి ఏది చెప్పగలదు? తను ఏం ఆలోచిస్తోందో తనకే తెలిసొచ్చి, చెవులు మండిపోయాయి.

తపతపా… తపతపా…

గాలిలేని చక్రం. దగ్గరికి వస్తోంది.

అక్క బయటికి వచ్చింది. పరుగు లేదు, తొందర లేదు. కుడిచేత్తో సైకిలు. ఎడమ చెయ్యి మాత్రం పక్కకి, కాస్త ముందుకి చాచి ఉంది — ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు. కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

సముద్రం గాలి మొహానికి తగలగానే ఆగింది. ఎడమ పక్కకి తల తిప్పి, మామూలుగా అంది:

"వచ్చేశాం కదూ? ఇక వదలవే. చెయ్యి తిమ్మిరెక్కింది."

ఆ పక్కన ఎవరూ లేరు.

అక్క ఒక్క క్షణం అలాగే నిలబడింది, ఏదో వింటున్నట్టు. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా కిందికి వాలింది.

టీచరు గోడ నీడలోంచి కదిలింది. చప్పుడు కాకుండా నాలుగడుగులు వేసి, అక్క ఎడమ పక్కకి, ఆ ఖాళీ చోటులోకి వచ్చి నిలబడింది. తన నోటిలోంచి వచ్చిన మాట తనకే పరాయిగా వినిపించింది.

"వచ్చేశాం అక్కా."

అక్క కళ్ళు తెరిచి ఆవిడ వంక చూసింది. కాసేపు చూసింది.

"పద" అంది.

ఇంట్లో అందరూ గుమ్మంలోనే ఉన్నారు. అక్కే చెప్పింది మొత్తం. చీకటి, పంచరు, వెలగని లైట్లు. "చెల్లి చెయ్యి పట్టుకోకపోతే అక్కడే కూలబడిపోయేదాన్ని. ఒక్క అడుగు దూరం వెళ్ళలేదు" అంది.

బావగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. లేచి వచ్చి, "మా ఇంట్లో ధైర్యమంతా నీ దగ్గరే ఉందమ్మా" అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. కోడళ్ళని మెచ్చుకోవడం అలవాటు లేని అత్తగారు టీచరు మోచేతి మీది గీత చూసి, "అయ్యో, దాన్ని కాపాడబోయి నువ్వు గీరుకున్నావా" అంటూ తనే మందు రాసింది. మందు మండింది. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగితే, అది మందు మంటే అనుకున్నారు.

ఇంటాయన తన స్నేహితులకి చెప్పాడు. వాళ్ళు వాళ్ళ ఆడవాళ్ళకి చెప్పారు. మూడు రోజుల్లో కథ డ్రైవింగ్ స్కూలు దాకా వచ్చేసింది. రిటైరయ్యాక కారు నేర్చుకుంటున్న పెద్దాయన ఒకాయన, నాలుగు రోడ్ల కూడలి వస్తేనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే మనిషి, స్టీరింగు పట్టుకుని అడిగాడు.

"మీకసలు భయం వెయ్యలేదా మేడమ్?"

"ఎడమ పక్క ఇండికేటర్ వెయ్యండి" అంది టీచరు.

"మీరు పక్కనుంటే నాక్కూడా ఏ భయం లేదు మేడమ్. వదిలేసి పోయే మనిషి కాదు మీరు."

టీచరు కాలు బ్రేకు మీద పడిపోయింది. కారు నడిరోడ్డు మీద గతుక్కుమని ఆగింది. వెనకవాళ్ళు హారన్లు మోగించారు. పెద్దాయన తన తప్పే అనుకుని పదే పదే క్షమించమన్నాడు. ఆవిడ బండి మళ్ళీ స్టార్టు చెయ్యమంది.

రాత్రి మెలకువ వస్తే అరచేతిలో అక్క వేళ్ళు బిగుసుకున్నట్టే ఉండేది. అక్క మాత్రం ఎప్పటిలాగే ఉంది. పొద్దున్నే ఇద్దరికీ టీ పెడుతోంది, గిన్నెలు సర్దుతోంది, చెల్లీ అని పిలుస్తోంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా టీచరు ఏదో పని కల్పించుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయేది.

ఇక ఉండబట్టలేక, ఒక సాయంత్రం క్లాసులు మానేసి బస్ స్టేషన్‌కి వెళ్ళింది.

అనౌన్సర్ గది మేడమెట్ల కింద ఉంటుంది. ఒక అద్దాల కిటికీ, ఒక బల్ల, మైకు, ఒక పాత ఫ్యాను. అక్క ఒంటరిగా ఉంది. ఆవిడ్ని చూసి కుర్చీ జరిపింది. ఏమని మొదలుపెట్టాలో తెలీక టీచరు నిలబడే చెప్పేసింది.

"అక్కా, ఆ రోజు నీ చెయ్యి పట్టుకున్నది నేను కాదు. వంపు దగ్గరే వదిలేసి పారిపోయాను. నువ్వు పిలవడం విన్నాను. విని కూడా రాలేదు. బయట నిలబడి, నువ్వు రాగానే పక్కన చేరాను. అంతా నేనే చేశానన్నట్టు నీ మాటలన్నీ విని ఊరుకున్నాను."

లైటు ఆర్పిన ముక్క మాత్రం చెప్పలేకపోయింది.

అక్క ఆశ్చర్యపోలేదు. మైకు మీట నొక్కి, నాలుగో నంబరు నుంచి బయల్దేరే ఆఖరి బస్సు గురించి ఊరంతా వినేలా చెప్పింది. మీట తీసేసి, తన మామూలు చిన్న గొంతులోకి వచ్చింది.

"తెలుసే."

"తెలుసా?"

"నువ్వు విదిలించుకున్నప్పుడు కళ్ళు తెరిచాను. నీ లైటు దూరంగా పరుగెత్తడం చూశాను. అరిచాను. అంతలో… నా చేతిలోకి ఇంకో చెయ్యి వచ్చింది." అక్క తన అరచేతి వంక చూసుకుంది. "పొడుగాటి వేళ్ళు. తడి. అది నీ చెయ్యి కాదని ఒప్పుకుంటే నా గుండె అక్కడే ఆగిపోయేది. అందుకని కళ్ళు మళ్ళీ మూసుకున్నాను. చెల్లీ, చెల్లీ అంటూనే నడిచాను. నీళ్ళ గుంట వస్తే ఆగేది. నేను దాటేదాకా ఉండి, అప్పుడు కదిలేది."

టీచరు అక్క జరిపిన కుర్చీలో కూర్చుంది.

"మరి ఇంట్లో అలా ఎందుకు చెప్పావక్కా? నిజం చెప్పి నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంత…"

"తిడదామనే అనుకున్నాను. బయటికి రాగానే నీ చెంప పగలగొట్టాలనుకుంటూనే వచ్చాను." అక్క తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "చెయ్యి వదిలే ముందు అది నా చెవి దగ్గర ఒక్క మాట అంది."

ఫ్యాను తిరుగుతోంది. బయట బస్సేదో వెనక్కి వస్తూ కండక్టరు చేత ఈల వేయించుకుంటోంది.

"ఏమంది?"

"'మీ చెల్లెలు లైటు ఆర్పేసుకుని, గోడ పక్కన నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోతోంది. ఏమీ అనకండమ్మా'… అంది."